సమాధుల పండుగ: మా యింటి జ్ఞాపకం

అక్టోబరు నెలాఖరు వచ్చేసరికి అమెరికాలో ఉన్న మన పిల్లలు గుమ్మడికాయకు కళ్లూ నోరూ చెక్కి, లోపల దీపం పెట్టి ఫొటోలు పంపుతున్నారు. ఇక్కడ తిరుపతి, రేణిగుంటల్లోనూ పిల్లలు పుర్రెల ముఖాలు తగిలించుకుని హాలోవీన్ అంటున్నారు. "ఇది దయ్యాల పండుగ కదా, కతోలిక పిల్లలు చేయవచ్చునా?" అని తల్లులు అడుగుతున్నారు.

నిజానికి ఆ పేరు మనదే. పాత ఇంగ్లీషులో దాని అర్థం సకల పునీతుల పండుగ ముందటి సాయంత్రం. 609 ప్రాంతంలో నాలుగవ బోనిఫాసు పోపుగారు రోములోని పాంథియన్ గుడిని మరియమాతకూ సకల వేదసాక్షులకూ అంకితం చేశారు. తొమ్మిదవ శతాబ్దానికి నవంబరు 1 పడమటి తిరుసభ అంతటికీ సకల పునీతుల పండుగ అయింది. 998 ప్రాంతంలో క్లూనీ మఠాధిపతి పునీత ఓడిలో ఆ మరునాడు మృతులందరి కోసం ప్రార్థించాలని తన మఠాలకు ఆజ్ఞ ఇచ్చారు. గుమ్మడికాయ సంగతి చాలా తర్వాతది. ఐర్లండు వాళ్లు ముల్లంగి జాతి దుంపలను తొలిచి దీపాలు పెట్టేవారు. అమెరికా చేరాక అక్కడ దొరికిన గుమ్మడికాయను పట్టుకున్నారు.

మా చిన్నతనంలో రేణిగుంటలో హాలోవీన్ అనే మాటే వినలేదు. మాకు ఉన్నది సమాధుల పండుగ. నాయన రైల్వేలో పాయింట్స్‌మన్. డ్యూటీ దిగి రాగానే పార తీసుకుని మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లేవాడు. పల్లేరు, గడ్డి పీకి, తాత సమాధికి సున్నం కొట్టేవాళ్లం. అవ్వ బంతిపూలు గుచ్చేది. మన ప్రాంతానికి నవంబరు అంటే వానలే. కొవ్వొత్తి వెలిగించడం ఒక ఎత్తు, నిలపడం ఒక ఎత్తు. కొబ్బరిచిప్పలు అడ్డం పెట్టి, ఆరితే పక్క సమాధి మీది వత్తితో అంటించుకునేవాళ్లం. గురువులు దివ్యబలిపూజ ముగించి వరుసగా సమాధులను మంత్రించేవారు. చివర్లో అవ్వ కొంగుముడి విప్పి బొరుగులుండలు పంచేది. దయ్యాల భయం మాకు ఒక్కనాడూ కలగలేదు. అక్కడ పడుకున్నది మనవాళ్లే కదా!

భయం కాదు గానీ, ఒక బాధ ఉండేది. అందరూ ఇంటి దారి పట్టాక అమ్మ ఒక్కతే వెనక్కి వెళ్లేది. గోడకు ఆవల ముళ్లపొదల దగ్గర ఒక వత్తి వెలిగించి వచ్చేది. ఎవరికమ్మా అంటే బదులు చెప్పేది కాదు. పెద్దయ్యాక అవ్వ చెప్పింది. నా తర్వాత పుట్టిన మగబిడ్డ ఆ రాత్రే పోయాడు, జ్ఞానస్నానం పొందలేదు. అలాంటి బిడ్డలను ఆ రోజుల్లో మంత్రించిన నేలలో పూడ్చేవారు కాదు. ప్రాణాపాయంలో గురువులు లేకపోతే ఎవరైనా సరే, తిరుసభ ఉద్దేశంతో, నీళ్లు పోసి త్రిత్వనామంలో జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. అమ్మ దీన్ని సత్యోపదేశంలో నేర్చుకుంది. ఆ రాత్రి నొప్పుల మైకంలో గుర్తు రాలేదు. తప్పు తనదేనని ఆమె నమ్మకం.

మృతుల కోసం ప్రార్థించడం మనం కల్పించుకున్నది కాదు. మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో యూదా, యుద్ధంలో కూలినవారి పాపపరిహారానికి రెండువేల వెండి నాణేలు పోగుచేసి యెరూషలేముకు పంపాడు. పునరుత్థానం ఉందని నమ్మినందువల్లనే అలా చేశాడు. నవంబరు 1 నుండి 8 వరకు సమాధుల తోటను దర్శించి మృతుల కోసం ప్రార్థిస్తే, పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాదం, పోపుగారి తలంపులకై ప్రార్థన మొదలైన నియమాలతో, ఉత్తరింపు స్థలంలోని ఆత్మలకు పరిపూర్ణ ఫలం సమర్పించవచ్చు. పిల్లవాడు ఒకపూట గుమ్మడికాయ చెక్కితే నాకు పెద్ద అభ్యంతరం లేదు. మంత్రతంత్రాల ఆటలు మాత్రం వద్దు. ఆ మరునాటికి మరునాడు వాణ్ణి తాత సమాధి దగ్గరకు తీసుకువెళ్లకపోతేనే నాకు అభ్యంతరం.

పసిబిడ్డల మాటకొస్తే, లింబో అన్నది ఎన్నడూ విశ్వాససత్యంగా ప్రకటించబడలేదు. అది వేదాంతుల అభిప్రాయం. 1969 నాటి అంత్యక్రియల క్రమంలోనే అలాంటి బిడ్డలకు ప్రార్థనలు చేరాయి. 1992 సత్యోపదేశ గ్రంథం 1261వ సంఖ్య వారిని దేవుని దయకు అప్పగించమంటుంది. 2007లో అంతర్జాతీయ వేదాంత సంఘం, పదహారవ బెనెడిక్టు పోపుగారి అనుమతితో, వారి రక్షణను ఆశించడానికి బలమైన కారణాలున్నాయని రాసింది. ఖాయంగా తెలిసిందని కాదు, ఆశించవచ్చునని. జ్ఞానస్నానాన్ని ఆలస్యం చేయడానికి ఇది సాకు కాదనీ అందులో స్పష్టంగా ఉంది.

ఆ సంగతి నేను అమ్మకు చదివి చెప్పాను. అప్పటికి ఆమెకు చూపు తగ్గింది. రెండుసార్లు చెప్పించుకుని, "అయితే వాడికి పేరు పెట్టొచ్చునా?" అంది. పెట్టొచ్చమ్మా అన్నాను. ఆ నవంబరులో మృతుల పేర్లు రాసి గురువులకు ఇచ్చే కవరు మీద తాత పేరు, అవ్వ పేరు, నాయన పేరు రాయించాక, కాసేపు ఆగి, నాలుగో పేరు చెప్పింది.