మాంద్యంలో కుదువ: జంషెడ్‌పూర్ ఉదంతం



సువర్ణరేఖ నదీతీరాన ఉన్న భుయ్యాడీహ్ జంషెడ్‌పూర్ నగరంలోని ఒక పేట. ఉక్కు కర్మాగారంలో పనికై శ్రీకాకుళం ప్రాంతం నుండి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఆ నగరంలో తరతరాలుగా స్థిరపడి ఉన్నవి. మీ బంధువులలోనే ఒకరిద్దరు ఉండవచ్చును. ఇందరికి అన్నం పెట్టిన ఆ కర్మాగారం ఒకనాడు జీతాలీయలేని స్థితికి వచ్చినది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఉక్కుకు గిరాకీ పెరిగినది. ఆ ఊపులో టాటా సంస్థ భారీ విస్తరణకు పూనుకొన్నది. యుద్ధానంతరం నిర్మాణ వ్యయం అంచనాలను మించినది; విదేశీ చౌక ఉక్కు మన రేవులలో దిగినది; 1923 భూకంపంతో జపాను కొనుగోళ్లూ దెబ్బతిన్నవి. ఒక ఏడు మిరపకు మంచి ధర పలికిందని మరుసటి ఏడు అప్పు చేసి రెట్టింపు భూమి కౌలుకు తీసుకొన్న రైతుకు ఈ కథ కొత్తది కాదు. అరువు సరుకుతో గోదాము నింపుకొన్న ఎరువుల డీలరుకు అసలే కాదు.

1924లో జీతాలకు సొమ్ము లేదని జంషెడ్‌పూర్ నుండి తంతి వచ్చినది. సంస్థ అధిపతి సర్ దొరాబ్జీ టాటా సుమారు కోటి రూపాయల స్వంత ఆస్తిని, భార్య మెహర్‌బాయి నగలతో సహా, ఇంపీరియల్ బ్యాంకులో కుదువ పెట్టి రుణం తెచ్చిరి. ఆ నగలలో 245 క్యారట్ల జూబిలీ వజ్రం ఉన్నది. కోహినూరుకు రెండింతల పైచిలుకు! (ఆ బ్యాంకే 1955లో స్టేట్ బ్యాంకు అయినది.)

మన పల్లెలలో నగ కుదువ పెట్టుట నామోషీ. చీకటి పడిన పిదప షావుకారు పెరటి తలుపు తడతాము. వడ్డీ ఎంతైనా నలుగురికీ తెలియకున్న చాలునంటాము. అంతటి సంపన్నుడు బ్యాంకు ముందు చేయి చాచుటకు సంకోచించలేదు. పైగా ఆ అప్పు ఆడంబరానికి కాదు, పనివారి జీతాలకు.

కుదువ ఒక్కటే గట్టెక్కించినదనుట సరికాదు. అదే ఏడు దిగుమతి ఉక్కుపై సుంకం విధించే రక్షణ చట్టం వచ్చినది. కర్మాగారం కోలుకొన్నది, అప్పు తీరినది. 1932లో దొరాబ్జీ మరణానంతరం వజ్రం అమ్మిన సొమ్ము ఆయన ధర్మనిధికి చేరినది. 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రిని నెలకొల్పినది ఆ నిధియే.

ఈ పంటకు వాయిదా చెల్లించలేరని తోచిన వెంటనే, గడువు దాటక మునుపే, మీ శాఖకు వెళ్లండి. రైతులు పాసుపుస్తకము, పంట నష్టపు కాగితములు. డీలర్లు సరుకు నిల్వ లెక్క, రావలసిన బాకీల పట్టిక వెంట తీసుకొని వెళ్లండి. బాకీల పట్టికలో వసూలు కానివాటిని కూడా దాచక వ్రాయండి.