కోతుల ఆత్మరక్షణము

కోతికి కొమ్ములు లేవు, చిరుతపులి గోళ్లును లేవు. మగకోతికి పొడవైన కోరలున్నను ఒంటరిగా నది చిరుత కెదురు నిలువజాలదు. ఐనను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల గుట్టలయందు కోతులు తరతరములుగా బ్రదుకుచునే యున్నవి. అది యెట్లో విచారింతము.

వాని మొదటి యాయుధము గుంపు. కొన్ని మేయుచుండగా మఱికొన్ని నలుదెసలు చూచుచుండును. చిరుతను కనిపెట్టిన కోతి కేక వేయగానే తల్లులు పిల్లలను పొట్టకు కఱపించుకొని చెట్లెక్కును. మగవి కొమ్మలపైనుండి పండ్లిగిలించి బెదరించుచు, శత్రువుపై చూపు మరల్పవు. పొంచి పట్టు మృగమునకు, తాను బయటపడితినని తెలిసిన పిమ్మట వేటయందు లాభము లేదు. రాత్రి చిరుతకు అనువగు కాలము గావున, కోతులు ఎత్తైన చెట్ల చివరికొమ్మలలో నిద్రించును. సన్నని కొమ్మ కోతిని మోయును గాని చిరుతను మోయదు.

కొండముచ్చులకు వేఱొక సహాయము గలదు. గోదావరి కావలనున్న కవ్వాలు వంటి అడవులలో చుక్కలదుప్పులు కొండముచ్చులున్న చెట్లక్రింద మేయుచుండును. ఇవి పైనుండి దూరము చూచును. అవి క్రిందనుండి వాసన పట్టును. ఒకదాని కేక రెండవదానికిని రక్ష.

ఎఱ్ఱమూతి కోతికి బుగ్గలలో సంచులుండును. బయలున దొరికిన గింజలను వానిలో కుక్కుకొని, చెట్టెక్కి నెమ్మదిగా తినును. ఇప్పుడు మన మక్కచేలలో ఈ విద్యలన్నియు మనపైననే ప్రయోగింపబడుచున్నవి! కావలివాడు అటు తిరుగుటయే తడవు, బుగ్గలు నిండును. విసిగి కూరగాయలు వేయుటయే మానుకొన్న రైతులు గలరు.

కొందఱు చేనిలో పులిబొమ్మలు నిలుపుచున్నారు. ఇది వట్టి వెఱ్ఱితనము కాదు. దక్షిణదేశపు అడవులలో పరిశోధకులు చిరుతబొమ్మను పొదలచాటున నుంచగా, మచ్చలచర్మము కొంత కనబడినంతనే కోతులు పరుగెత్తినవి. కాని కదలని పులి కఱవదని అవి కొలదిదినములలోనే గ్రహించును. కావున బొమ్మను గింజపట్టు దినములందే నిలిపి, తఱచు తావు మార్పవలెనని మా యభిప్రాయము. మఱియొక మాట కటువుగా తోచినను చెప్పక తప్పదు: కొండగట్టున భక్తులు అరటిపండ్లు చేతికందించుచున్నంతకాలము మనుష్యునియెడ కోతికి భయము నిలువదు. సంచి గుంజుకొనుట మనము నేర్పిన విద్యయే.

కొండముచ్చును త్రాట గట్టి చేనికి కాపు పెట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. పైగా కుక్కలు మీదబడిన, ఆ మూగజీవి పాఱిపోయి యెక్కుటకు చెట్టైనను అందదు.