చలికాలంలో ముందు నీళ్లను చదవాలి

కొండగట్టు కింద పుట్టిన మా తరానికి నీళ్లంటే ఊరి చెరువు, వానాకాలం కుంట. ఇప్పుడు కథ మారింది. కొండ దిగితే కాకతీయ కాలువ, వరద కాలువ. కాస్త దూరం పోతే మన్వాడ దగ్గర మధ్య మానేరు, కరీంనగర్ పక్కన దిగువ మానేరు. సంక్రాంతి సెలవులకు ఊరికొచ్చే పిల్లలు కొత్త గాలం కట్టెలు తెచ్చుకుని, "పెద్దబాపూ, ఏ ఎర పెడితే పడతయి?" అని అడుగుతారు. నేను వాళ్లను తిరిగి అడిగేది ఒకటే: "నీళ్లు ఎట్లున్నయి?" వానాకాలంలో ఏం చూడకుండా గాలం వేసినా చేప దొరకొచ్చు. చలికాలంలో అట్ల కుదరదు. ఇన్నేళ్లుగా ఆ నీళ్ల దగ్గర నేర్చుకున్నవి వాళ్ల కోసమే ఇక్కడ రాస్తున్నాను.

1. మన చలికాలపు నీళ్ల లెక్క అక్టోబర్ 29న మొదలవుతుంది.

పంచాంగంలో ఈ తేదీకి ఏ విశేషమూ లేదు. కానీ గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాబ్లీ గేట్లు, 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా తెరిచి ఉంటాయి. 29న మూసుకుంటాయి. మార్చి 1న వదిలే 0.6 టీఎంసీ తప్ప మన కాలువలకు నీళ్లిచ్చే పోచంపాడు జలాశయానికి ఆ తొవ్వన ఇక చెప్పుకోదగ్గ నీళ్లు రావు. అంటే ఉన్న నీళ్లనే పొలాలకు, తాగడానికి, ఒక జలాశయం నుంచి ఇంకో జలాశయానికి పంచుకోవాలి. చేపలు కూడా ఆ పంపకం ప్రకారమే కదులుతాయి. చలికి కదులుతున్నాయని మనం అనుకునేదాంట్లో సగం గేట్ల వల్ల జరిగేదే.

2. మట్టం చూడకుండా గాలం విప్పకు.

నాకు తెలిసినవాటిలో అన్నింటికన్నా పెద్ద పాఠం ఇది. దిగువ మానేరు నిండు మట్టం 920 అడుగులు, నిల్వ 24 టీఎంసీలు. జిల్లా పేపర్లలో మట్టం, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో వేస్తారు. నిన్నటి పేపరు, ఇవాళ్టి పేపరు పక్కపక్కన పెట్టుకో. పేపరు లేకపోతే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి గంటసేపు కూర్చో. కట్ట రాళ్ల మీద తడి గీత నీటికన్నా పైన కనిపిస్తే మట్టం తగ్గుతున్నట్టు.

యాసంగికి కాలువలు వదిలాక మట్టం రోజురోజుకూ దిగుతుంది. అప్పుడు శికం భూముల గడ్డిలో తిరిగిన చేప అక్కడ ఉండదు. అంచు ఎప్పుడు ఎండుతుందో దానికి ముందే తెలుస్తుంది. పాత మానేరు పారిన పల్లంలోకి, మోయతుమ్మెద వాగు వచ్చి కలిసిన పల్లంలోకి జరుగుతుంది. జలాశయం కట్టకముందు వాగు ఏ తొవ్వన పారిందో ఊళ్లో ముసలివాళ్లను అడిగి తెలుసుకో. ఏ యంత్రం చూపినదానికన్నా అది గట్టి సమాచారం.

యాసంగి నీళ్లు ఎక్కువగా వారబందీ పద్ధతిలో వదులుతారు. కొన్నాళ్లు పారించి కొన్నాళ్లు ఆపుతారు. కాలువ ఆగినప్పుడు చేప చెల్లాచెదురుగా ఉంటుంది. పారడం మొదలైనప్పుడు తల ఎదురు పెట్టి, కొట్టుకొచ్చే తిండి కోసం నిలబడుతుంది. ఎర ఎగువ నుంచి దాని మూతి ముందుకు రావాలి. వెనక నుంచి వచ్చే ఎరను అది నమ్మదు.

వరద కాలువ దగ్గర ఇంకో సంగతి ఉంది. అది పోచంపాడు నుంచి మధ్య మానేరుకు 122 కిలోమీటర్లు పారడానికి తవ్విన కాలువ. రామడుగు మండలం లక్ష్మీపూర్‌లో భూమి కింద కట్టిన గాయత్రి పంప్‌హౌస్ 2019లో నడవడం మొదలయ్యాక మేడారం జలాశయం దిక్కు నుంచి గోదావరి నీళ్లు పైకెక్కి ఈ కాలువలో పడ్డాయి. పునరుజ్జీవన పథకం కింద మన మల్యాల మండలం రాంపూర్‌లో, ఇంకా పైన రాజేశ్వర్‌రావుపేటలో, ముప్కాల్‌లో పంపులు పెట్టి అవే నీళ్లను పోచంపాడుకు ఎదురు ఎక్కించే ఏర్పాటు చేశారు. ఒకే కాలువ అవసరాన్ని బట్టి అటూ పారుతుంది, ఇటూ పారుతుంది. పల్లానికే పారే నీళ్లను చూసిన మా తాతలు ఇది నమ్మేవాళ్లు కాదు. వంతెన దిమ్మె వెనక నిన్న చేప నిలబడ్డ చోటు ఇవాళ దిమ్మెకు ముందు వైపు అయిపోవచ్చు. అందుకే అక్కడికి పోగానే ఒక ఎండుటాకు నీళ్లలో వేసి ఎటు పోతుందో చూడమంటాను.

3. నీళ్లు తేటగా ఉంటే నువ్వు కనబడతావు.

వానాకాలపు ఎర్రనీళ్లు కార్తీకం దాటేసరికి తేరుకుంటాయి. మనకు వచ్చే నీళ్లలోని ఒండ్రు చాలావరకు పైనే దిగిపోతుంది. 112 టీఎంసీల నిల్వతో లెక్క వేసిన పోచంపాడు ఇప్పుడు పూడికతో 80 చిల్లరకు వచ్చిందంటే ఎంత మట్టి అక్కడ ఆగిందో ఊహించుకో. రైతుకు అది నష్టం. గాలం వేసేవాడికి దాని ఫలితం తేటనీళ్లు. సన్న దారం వాడాలి. అంచున నిలబడి నీడ నీళ్ల మీద పడనీయకూడదు. చలికాలంలో పొద్దు వాలే ఉంటుంది కాబట్టి నీడ పొడుగ్గా సాగుతుంది, ఆ సంగతి చాలామంది మరచిపోతారు. తేటనీళ్లు ఉన్నట్టుండి మసకబారితే గాలి తిరిగిందనో, గేటు లేచిందనో అర్థం. మసక అంచు వెంబడే వెతుకు. పచ్చగా చిక్కబడి వాసన వస్తే మాత్రం ఆ పూట గాలం వేయకు, ఆ చేప తినకు.

4. పొద్దుగాల లోతు, మధ్యాహ్నం అంచు.

తెల్లవారకముందే పోయి వణుక్కుంటూ కూర్చోవడం భక్తిలాగా చేస్తారు కొందరు. ఎండాకాలంలో అది సరే. పుష్యమాసంలో దానివల్ల దగ్గు తప్ప ఏం రాదు.

చేపకు సొంత వేడి లేదు. నీళ్లు ఎంత చల్లబడితే దాని ఒళ్లు అంత చల్లబడుతుంది, ఆకలి తగ్గుతుంది, తిన్నది అరగడానికి ఎక్కువసేపు పడుతుంది. రవ్వ, బొచ్చె బాగా తినేది నీళ్లు 25 డిగ్రీల పైన ఉన్నప్పుడు. 20కి దిగితే సగం నిద్రలో ఉన్నట్టు ఉంటాయి. అమెరికాలో స్థిరపడిన మన దిక్కు పిల్లలు టెక్సాస్‌లో లేక్ ఫోర్క్ లాంటి జలాశయాల్లో బాస్ అనే చేపకు గాలం వేస్తారు. చలికాలంలో అది పాత వాగు పల్లాల్లోకి దిగుతుందని, ఎరను నెమ్మదిగా కదపాలని అక్కడివాళ్లు చెబుతారు. మన నీళ్లలో ఆ చేప లేదు, సూత్రం మాత్రం ఇక్కడా అదే.

ఒక తేడా తెలుసుకోవాలి. నీళ్లు అన్నిటికన్నా బరువెక్కేది 4 డిగ్రీల దగ్గర. మంచు దేశాల్లో పైన గడ్డకట్టినా అడుగున ఆ 4 డిగ్రీల నీళ్లు ఉంటాయి, చేప అక్కడ బతుకుతుంది. మన దగ్గర నీళ్లు అంత చల్లబడవు. రాత్రి పై పొర చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతూ ఉంటుంది. కింది నీళ్లు పైకి వస్తాయి. మొత్తం కలిసిపోతుంది. తక్కువ లోతున్న అంచు మాత్రం రాత్రంతా వేడి పోగొట్టుకుని పొద్దుగాలకు లోతుకన్నా చల్లగా ఉంటుంది. అదే అంచు మధ్యాహ్నానికి లోతుకన్నా త్వరగా వేడెక్కుతుంది. చేప ఈ రెండింటి మధ్య రోజూ రాకపోకలు చేస్తుంది. పది గంటల దాకా లోతులో వేయి. పన్నెండు నుంచి నాలుగు దాకా అంచుకు రా.

ఏ అంచు? సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఉత్తరపు గట్టు ఎక్కువ ఎండ తాగుతుంది. కట్టకు పేర్చిన రాళ్లు వేడెక్కి పక్క నీళ్లకు ఆ వేడి ఇస్తాయి. ఈశాన్యపు గాలి గట్టిగా ఉన్న రోజు పై పొరలోని వెచ్చని నీళ్లు, వాటితోపాటు చేప తినే సూక్ష్మజీవులు నైరుతి దిక్కుకు కొట్టుకుపోతాయి. గాలి లేని రోజు ఉత్తరపు గట్టు, గాలి ఉన్న రోజు ఎదురు గట్టు. నేను పాటించేది ఇదే.

చల్లటి నీళ్లు ప్రాణవాయువును ఎక్కువ పట్టుకుంటాయి. 30 డిగ్రీల దగ్గర లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు కరిగితే 20 దగ్గర 9 దాకా కరుగుతుంది. కాబట్టి పెద్ద జలాశయంలో చలికాలం చేపకు ఊపిరాడక చావడం అరుదు. చిన్న కుంటలో మాత్రం పొగమంచు రోజుల తరబడి కమ్మితే నాచుకు ఎండ తగలదు, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అది చేపలు పట్టుకునే అదను కాదు. నీళ్లు మార్చాల్సిన సమయం.

5. ఒక్కో చేపకు ఒక్కో చలి.

జిలేబి అన్నిటికన్నా ముందు ముడుచుకుంటుంది. బొచ్చె పై నీళ్లలో తిరిగేది, ఎండ ఉన్నప్పుడే తింటుంది. రవ్వ నడి నీళ్లలో, మృగాల అడుగున. బంగారుతీగ మిగతావాటికన్నా చలికి ఓర్చుకుంటుంది. ఏం దొరకని రోజు అడుగున దాన్నే వెతుకు. ఎర చిన్నది చేయాలి, గాలం చిన్నది కట్టాలి. గోధుమపిండి, తవుడు, పల్లిచెక్క కలిపిన ముద్ద రేగుపండంత చాలు. ఎర్ర అయితే ఒక్కటి చాలు. బెండు మునగదు, కొంచెం వంగుతుంది, అంతే. అప్పుడే గుంజాలి.

6. కొర్రమీను దగ్గర ఓపిక, దాని ఒంటి మీద చూపు.

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. దానికి మొప్పలతో పాటు గాలి పీల్చే ఏర్పాటు ఉంది, అందుకే అప్పుడప్పుడు పైకి రాక తప్పదు. చలిలో ఒళ్లు మందగిస్తుంది కాబట్టి అది పైకి వచ్చేది తక్కువ. గడ్డి, తూడు ఉన్న తక్కువ లోతులో మధ్యాహ్నం బుడగ కనిపిస్తే కదలకుండా ఉండి మళ్లీ వచ్చేదాకా చూడాలి.

డిసెంబరు, జనవరిల్లో దాని ఒంటి మీద ఎర్రటి పుండ్లు కనిపించవచ్చు. 1988లో మన దేశంలోకి వచ్చిన జబ్బు ఇది. బూజు లాంటి ఒక సూక్ష్మజీవి వల్ల వస్తుంది, చలికి చేప ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గినప్పుడు పైబడుతుంది. కొర్రమీనును, పరకలను మిగతావాటికన్నా ఎక్కువ పట్టుకుంటుంది. కుంట అయితే సున్నం చల్లుకోవచ్చు. అంత పెద్ద జలాశయంలో ఎవరు చల్లగలరు? కాబట్టి పుండున్న చేపను తిరిగి నీళ్లలోకి విసరకు, కట్టకు దూరంగా పాతిపెట్టు, మత్స్యశాఖ వాళ్లకు కబురు చెప్పు. ఆ నీళ్లలో ముంచిన వలను ఎండలో బాగా ఆరబెట్టకుండా ఊరి చెరువులో వేయకు.

7. మధ్య మానేరులో గాలం వేసేచోట ఊరు ఉండేది.

2019 చివరికి అది నిండింది. అడుగున వరదవెల్లి, కొదురుపాక, చింతల్‌ఠాణా, అనుపురం లాంటి ఊళ్ల ఇళ్ల పునాదులు, బావులు, చెట్ల మొదళ్లు ఉన్నాయి. వరదవెల్లి గుట్ట మీది దత్తాత్రేయస్వామి గుడికి ఇప్పుడు పడవలో పోవాలి. గోడలు, మొదళ్లు ఉన్నచోట చలికాలంలో చేప చేరుతుంది, నిజమే. వలలు చిక్కుకునేదీ అక్కడే. తెగిన వలను అడుగునే వదిలేస్తే అది ఏళ్ల తరబడి చేపలను చంపుతూనే ఉంటుంది, కాబట్టి వీలైనంత లాగి తీయాలి. ఇంకో మాట. ఆ ఊళ్లవాళ్లు తమ ఇల్లు ఉన్న దిక్కు చూస్తూ కట్ట మీద కూర్చుంటారు. వాళ్ల పక్కన కూర్చున్నప్పుడు గోల చేయొద్దు. పాత వాకిలి ఎక్కడుందో, బావి ఎక్కడుందో చెప్పగలిగినవాళ్లు వాళ్లే.

8. కాలువ అంచు మీద కూర్చోకు.

కాకతీయ కాలువకు, వరద కాలువకు వాలు గోడలు ఉంటాయి. చలికాలంలో నాచు పట్టి జారుతుంటాయి. కాలు జారితే పట్టుకోవడానికి గడ్డిపరక ఉండదు, ప్రవాహం లాక్కుపోతుంది, ఈత వచ్చినవాడు కూడా పైకి ఎక్కలేడు. వంతెన మీద నుంచో మెట్లున్న చోట నుంచో వేయి, తోడు లేకుండా పోకు. గేట్ల కింద, తూము మూతి దగ్గర అసలు దిగొద్దు. సైరన్ మోగితే సామాను వదిలి పైకి రా. పొగమంచులో తెప్ప మీద నడిమికి పోవద్దు. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు, పిల్లలను తిట్టి మరీ లేపుతాను.

9. నీళ్లు అందరివి, చేప మీద బతుకు కొందరిది.

జలాశయంలో లైసెన్సు తీసుకున్నవాళ్లు, ఊరి చెరువులో సంఘంవాళ్లు, ముదిరాజులు, గంగపుత్రులు, ఆ చేపలను అమ్ముకుని ఇల్లు నడుపుకుంటారు. సరదాకు పోయేవాడు ముందు వాళ్లను అడగాలి. "అన్నా, ఇక్కడ కూర్చోవచ్చా?" అంటే కాదనేవాళ్లను నేను చూడలేదు, పైగా ఎక్కడ పడతాయో వాళ్లే చెబుతారు. వాళ్ల వల కనిపించేంత దూరంలో గాలం వేయకు.

2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. ఎండిపోయే చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, వాలుగ లాంటి వేటచేపలు ఉండే పెద్ద జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. వానాకాలంలో వదిలిన ఆ పిల్లలు సంక్రాంతికి ఇంకా ఎదిగి ఉండవు, చలికి ఎదుగుదల కూడా నెమ్మదిస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక మళ్లీ తిండి పట్టి బరువెక్కుతాయి. చిన్నకన్ను వలతో వాటిని ఊడ్చేసేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. గాలానికి చిన్న బొచ్చె పడితే చెయ్యి తడిపి పట్టుకో, పొడి చెయ్యి దాని జిగురును ఊడదీస్తుంది. గాలం మెల్లగా తీసి, నీళ్లలోనే రెండు చేతుల మధ్య నిలబెట్టు. తోక ఆడించి దానంతటదే కదులుతుంది, అప్పుడు వదిలెయ్.