దినచర్య వ్రాయుట

దినచర్య యను మాటకు రెండర్థములు గలవు. మనుష్యుడు ప్రతిదినమును చేయు పనుల వరుస మొదటి యర్థము. ఆ పనులను, ఆనాడు తాను కన్న విన్న సంగతులను పుస్తకమున వ్రాసి యుంచుకొనుట రెండవ యర్థము. దీనినే మనవారు డైరీ యనుచున్నారు. ఈ వ్యాసమునందు మేము రెండవదానిని గూర్చి ముచ్చటింపదలచితిమి. ఈ యేడు పాఠశాల విడిచి పోవుచున్న పై తరగతివారికిని, ఇంకను కొన్ని యేండ్లు మాతో నుండబోవు చిన్న తరగతులవారికిని ఇది పనికివచ్చునని మా నమ్మకము.

దినచర్య వ్రాసి తెండని తరగతిలో చెప్పినప్పుడెల్ల మా చేతికి వచ్చు కాగితములు చాలవరకు ఒక్క తీరుననే యుండును. "ఉదయము ఆరు గంటలకు లేచితిని. పండ్లు తోముకొంటిని. చద్దియన్నము తింటిని. బడికి వచ్చితిని. సాయంకాలము ఇంటికి పోతిని. రాత్రి చదువుకొంటిని. నిద్రపోతిని." మరునాటి పుటలోను ఇదియే. తేదీ మాత్రము మారును. పైనున్న పేరు చెరిపివేసినచో అది యెవరి దినమో కన్నతల్లికైనను తెలియదు. నాలుగవనాడు బాలుడు కలము క్రింద పెట్టి, "అయ్యా, వ్రాయుటకేమియు లేదు. మా యింట ఏమియు జరుగలేదు" అనును.

ఆ బాలుడే విరామ సమయమున వేపచెట్టు క్రింద తన నేస్తునితో మాటలాడుచుండగా వినుడు. "నిన్న మా గేదె పలుపు త్రెంచుకొని పొరుగువారి జొన్నచేలో పడినదిరా! మా తాత కఱ్ఱ పుచ్చుకొని వెంటబడి బురదలో జారి చతికిలబడినాడు. మా అవ్వ లేవనెత్తబోయి నవ్వాపుకొనలేక తానును కూలబడినది." గంట మ్రోగువరకు ఆ కథ తెగదు. కావున ఆ దినములో లోపమేమియు లేదు. వినువాడు ఎదుట నున్నప్పుడు జ్ఞాపకమునకు వచ్చిన సంగతి తెల్లకాగితము ఎదుట నున్నప్పుడు రాలేదు. అంతియే భేదము. దినచర్య వ్రాయబూనినవాడు తానెవరికొరకు వ్రాయుచున్నాడో మొదట నిర్ణయించుకొనవలెను. ఈ సంగతిని మూడు ప్రసిద్ధములైన దినచర్యలవలన తెలిసికొందము.

మొదటిది మన తెలుగువారిదే. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరు పదవియందుండిరి. దేశభాషలలో చెప్పిన మాటలను న్యాయాధిపతులకు ఇంగ్లీషున తెలియజేయు ఉద్యోగమది. ఆయన 1830వ సంవత్సరము మే 18వ తేదీన పరివారముతో కాశీకి బయలుదేరిరి. తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరుల మీదుగా ప్రయాగను, కాశీని చేరిరి. గయను, కలకత్తాను, జగన్నాథమును చూచుకొని, సముద్రతీరపు దారిని తిరిగి 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణము ప్రవేశించిరి. మన దేశమునకు రైలుబండి రాని కాలమది. ప్రయాణము పదునైదు నెలలకు పైగా సాగెను.

ఆయన ప్రియమిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారు చెన్నపట్టణముననే యుండిపోయిరి. దారిలో చూచిన సంగతులనెల్ల వీరాస్వామయ్యగారు ఎప్పటికప్పుడు వ్రాసి ఈ స్నేహితునకు పంపుచుండిరి. ఇంటనున్న స్నేహితునకు ఏమేమి తెలుపుదుము? ఈ మజిలీనుండి ఆ మజిలీకి దూరమెంత, దారి యెట్టిది, దిగిన యూర మంచినీరు గలదా, అంగళ్ళు గలవా, బసకు చోటు దొరకునా, నది దాటుటకు పడవ యున్నదా, అచ్చటి జనుల ఆచారములెట్టివి అను వానినే గదా. వీరాస్వామయ్యగారును ఇట్టి సంగతులనే వ్రాసిరి. వ్రాసిన భాషయు నాడు చెన్నపట్టణమున పెద్దమనుష్యులు మాటలాడుకొను తెలుగే. కచేరీ మాటలును, హిందూస్తానీ మాటలును అందు కలిసియుండును. స్నేహితునితో మాటలాడువాడు నిఘంటువు తెరవడు గదా.

వీరాస్వామయ్యగారు 1836లో కాలధర్మము నొందిరి. 1838లో ఆ వ్రాతలను కాశీయాత్ర చరిత్ర యను పేర అచ్చువేయించినవారు శ్రీనివాసపిళ్ళగారే. ఒకరు వ్రాసి పంపగా ఒకరు భద్రముగా దాచిరి. దాచినవారు గతించిన స్నేహితుని మాట లోకమునకు దక్కించిరి. నూరేండ్లు గడచిన పిమ్మట, 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు ఆ పుస్తకమును మరల ప్రకటించిరి. నాటి దారులును, అంగళ్ళును, పల్లెలును ఎట్లుండెనో తెలియగోరువారు నేటికిని దానిని తెరచుచున్నారు. రాజుల యుద్ధములను చెప్పు గ్రంథములు మనకనేకము గలవు. ఒక యూరిలో బాటసారికి ఏమి దొరకెనో చెప్పునవి మిక్కిలి అరుదు.

రెండవది ఇంగ్లాండు దేశపుది. శామ్యూల్ పీప్స్ అను నౌకాశాఖోద్యోగి లండను నగరమున 1660వ సంవత్సరము జనవరి 1వ తేదీనుండి 1669 మే 31వ తేదీవరకు దినచర్య వ్రాసెను. ఇతరులకు సులభముగా తెలియకుండునట్లు సంక్షిప్తలిపిలో వ్రాసెను. 1665లో ఆ నగరమున మహామారి వ్యాపించెను. 1666 సెప్టెంబరులో గొప్ప అగ్నిప్రమాదము సంభవించెను. ఈ రెంటిని పీప్సు కన్నులార చూచి వ్రాసెను. మంటలు తమ వీథివైపు వచ్చుచుండగా అతడు తోటలో గొయ్యి త్రవ్వి అందు తన ద్రాక్షసారాయమును, ఇటలీదేశపు పర్మెసాన్ చీజును పూడ్చిపెట్టెను. ఆ సంగతియు దాపరికము లేక వ్రాసికొనెను. పట్టణము తగులబడుచుండగా చీజును గూర్చి విచారించెనా యని మీరు నవ్వవచ్చును. వరద వచ్చినప్పుడు మీ యింట మొదట అటక మీదికి చేర్చిన వస్తువేదో జ్ఞాపకము తెచ్చుకొనుడు. ఆవకాయ జాడీయో, కుట్టుమిషనో, పెండ్లినాటి ఫోటోయో అయియుండును. మూడువందలయేండ్లకు పైబడిన ఆ పరదేశీయుడు ఆ గొయ్యి త్రవ్వుటచేత మనకు పొరుగింటివానివలె కనబడుచున్నాడు.

పీప్సు ఎవరికొరకు వ్రాసెను? తనకొరకే. అయినను చింపివేయలేదు. చక్కగా పుస్తకములు కట్టించి తన గ్రంథాలయముననే యుంచెను. కన్నులు చెడునను భయముతో 1669లో వ్రాయుట మానెనుగాని, చూపు పోలేదు. అటుపిమ్మట 1703 వరకు జీవించెను. ఆ యారు సంపుటములు కేంబ్రిడ్జిలోని మాగ్డలీన్ కళాశాలకు చేరినవి. మొదట 1825లో వాని భాగములు అచ్చుపడినవి. తనకొరకు వ్రాసికొనుటయు ఒకవిధముగా స్నేహితునకు వ్రాయుటయే. ఇరువదియేండ్ల పిమ్మట మనము నేటి మనకు క్రొత్తవారమై యుందుము. ఈ తరగతిగదిలో ఏ కిటికీ ప్రక్కన కూర్చుంటిమో, ఎవరితో పలక పంచుకొంటిమో, నాడు ఎవడు చెప్పి చూచుకొనుము?

మూడవది ఒక బాలికది. ఆన్ ఫ్రాంక్ అను యూదుల బిడ్డకు 1942 జూన్ 12వ తేదీన పదుమూడవ జన్మదినము. ఆనాడు ఆమెకు ఒక వ్రాతపుస్తకము బహుమానముగా వచ్చెను. ఆ కాలమున హాలండు దేశము హిట్లరు సైన్యముల వశమున నుండెను. యూదులను పట్టి నిర్బంధ శిబిరములకు పంపుచుండిరి. జూలై 6వ తేదీన ఆమె కుటుంబము ఆమ్‌స్టర్‌డాము నగరములో తండ్రి వ్యాపారశాల వెనుకనున్న గదులలో దాగెను. ఆ కుటుంబము రెండేండ్లకుపైగా అచ్చటనే యుండెను. అచ్చట దాగినవారు మొత్తము ఎనిమిదిమంది. పగటివేళ అడుగుల చప్పుడైనను వినబడరాదు. ఆడుకొనుటకు వీథి లేదు. మనసు విప్పి చెప్పుకొనుటకు ఈడుజోడు బాలిక లేదు. అప్పుడామె కిట్టీ యను స్నేహితురాలిని కల్పించుకొని, ఆమెకు ఉత్తరములు వ్రాయునట్లు దినచర్య వ్రాసెను. తిన్న బంగాళాదుంపలు, పెద్దవారి తగవులు, కిటికీ సందునుండి కనబడు చెట్టు, తల్లిపై కోపము, చదువుపై ఆశ అన్నియు ఆ కిట్టీతో చెప్పుకొనెను. యుద్ధము ముగిసిన పిమ్మట జనుల దినచర్యలను సేకరింతురని 1944 మార్చిలో రేడియోలో విని, తన వ్రాతను పుస్తకము చేయవలెనని తిరిగి వ్రాయనారంభించెను. ఆగస్టు 1వ తేదీ పుటతో ఆ వ్రాత ఆగిపోయెను. 4వ తేదీన అందరును పట్టుబడిరి. ఆన్ 1945లో బెర్గెన్ బెల్సెన్ శిబిరమున మరణించెను. ఎనిమిదిమందిలో తండ్రి యొక్కడే ప్రాణములతో తిరిగివచ్చెను. దాగిన కాలమున వారికి సాయపడిన మీప్ గీస్ అను ఉద్యోగిని ఆ కాగితములను ఏరి దాచి ఆయన చేతికిచ్చెను. 1947లో అవి పుస్తకముగా వెలువడినవి. మీ యీడు బిడ్డ, మీరు వ్రాయునట్టి నోటుపుస్తకములో వ్రాసిన వ్రాత యిది.

ఇట్లు ఒకరు ఊరనున్న స్నేహితునకును, ఒకరు తనకును, ఒకరు ఊహలోని నేస్తురాలికిని వ్రాసిరి. వీరందరు ప్రసిద్ధులు, మావంటివారికి ఇది యేలయని కొందరందురేమో. కొన్ని యేండ్ల క్రిందట మా తొమ్మిదవ తరగతిలో జరిగిన సంగతి చెప్పెదము. ఒక బాలికకు కామెర్లు వచ్చి ఆరువారములు బడికి రాలేదు. ఆమె యూరు ఇచ్చటికి నాలుగు మైళ్ళు. ఆమె ప్రక్కన కూర్చుండు బాలిక ఒక నోటుపుస్తకము తీసికొని, ప్రతి సాయంకాలమును కుడివైపు పుటలో ఆనాటి బడిసంగతులు వ్రాసి, శనివారము శనివారము రోగి తమ్మునిచేత పంపుచుండెను. ఏ పాఠము ఎంతవరకైనది, లెక్కలలో ఎవరు ఎచ్చట తప్పిరి, మాస్టరుగారి క్రొత్త గొడుగు గాలికెట్లు తిరుగబడినది, వసారా దూలము మీది పిచ్చుకగూటిలో ఎన్ని పిల్లలైనవి, జామచెట్టు కాయలను ఎవరు దొంగిలించిరి, ఇట్టివి అందుండెను. సోమవారమునకు పుస్తకము తిరిగివచ్చుచుండెను. ఖాళీగా విడిచిన ఎడమవైపు పుటలలో రోగి తన మంచము మీది దినములను వ్రాసి పంపుచుండెను. పథ్యపు చప్పిడికూడు, కిటికీలోనుండి కనబడు చింతచెట్టు, రాత్రివేళ నాయనమ్మ చెప్పిన కథలు అందు వచ్చెను. ఆరువారములకు ఆ బాలిక బడికి వచ్చిన నాడు ఎవరి పలుకరింపుకొరకును ఎదురుచూడక నేరుగా వసారాలోనికి పోయి దూలము వంక చూచెను. పదవ తరగతి ముగిసిన పిమ్మట ఆ పుస్తకము ఎవరివద్ద నుండవలెనను వివాదము మా యొద్దకు వచ్చెను. ఇద్దరును రెండు ప్రతులు వ్రాసికొని తీర్చుకొనిరి.

ఇక వ్రాయు విధమును గూర్చి కొన్ని మాటలు. ఏనాటి సంగతి ఆనాడే వ్రాయవలెను. వారమునకొకసారి వ్రాయబూనినచో గేదె పడిన చేను జొన్నచేనో కందిచేనో మరచిపోదుము. పది పంక్తులు చాలును. లేచితిని, తింటిని అనునవి వదలి, నిన్నటికిని నేటికిని భేదమైన ఒక్క సంగతి పట్టుకొనుడు. "బజారున కూరలు కొంటిమి" అనుటకంటె ఏ కూర, ఏమి ధర, అమ్మ ఎంతకు బేరమాడెనో వ్రాసినచో, ఆ పుట పదియేండ్ల పిమ్మట బంగారమగును. మనుష్యుల మాటలను వారు పలికినట్లే వ్రాయుడు. తాతగారి నోటి సామెతను వ్యాకరణమునకు తగినట్లు దిద్దవలదు. కొన్ని దినములు తప్పిపోయినచో కల్పించి నింపక, నేటినుండి మరల మొదలిడుడు.

జాగ్రత్తలును గలవు. స్నేహితుడు నమ్మి చెప్పిన రహస్యము మీది కాదు, వానిది. దానిని వ్రాయవలదు. కోపము వచ్చినప్పుడు వ్రాయవచ్చునుగాని, ఆ పుటను మూడుదినముల పిమ్మట తిరిగి చదువుడు. ఎదుటివాని మొగము చూచి చదివి వినిపింపలేని మాట యేదైన కనబడినచో, అది నిజమా కాదాయని ఆలోచింపుడు. ఇతరుల దినచర్య బల్ల మీద తెరచియున్నను సెలవు లేక చూడరాదు. ఈ విషయమున తలిదండ్రులకును, ఉపాధ్యాయులమైన మాకును వేరు న్యాయము లేదు.

పై తరగతి విద్యార్థులారా, పరీక్షలు కాగానే మీలో ఒకరు పట్టణపు కళాశాలకును, ఒకరు పాలిటెక్నిక్కునకును, ఒకరు తండ్రి దుకాణమునకును, ఒకరు పొలమునకును పోవుదురు. మొదటి నెల ఉత్సాహముతో ఒకరినొకరు పలుకరించుకొందురు. పిమ్మట పలుకరింపు "బాగున్నావా" "బాగున్నాను" అనువరకు తగ్గును. అట్లు తగ్గుటకు ప్రేమ లేకపోవుట కారణము కాదు. నడుమ గడచిన దినములు ఒకరివి ఒకరికి తెలియకపోవుటయే కారణము. కావున ఒక్క స్నేహితునితోనైనను ఇప్పుడే ఒప్పందము చేసికొనుడు. ఇరువురును నోటుపుస్తకము పెట్టి కుడిపుటలలోనే వ్రాయుడు. నెలకొకసారి మార్చుకొని ఎడమపుటలలో బదులు వ్రాయుడు.

అభ్యాసములు

1. నిన్నటి దినమును, ఊర లేని స్నేహితునకు తెలుపునట్లు పది పంక్తులలో వ్రాయుడు. లేచుట, తినుట, నిద్రించుట అందు రాకూడదు.

2. మీ యింటినుండి పాఠశాలకు వచ్చు దారిని, మునుపు దానిని చూడనివాడు తప్పక రాగలుగునట్లు వర్ణింపుడు. నీరు దొరకు చోట్లు చెప్పుడు.

3. మీ యింటి పెద్దలలో ఒకరిని, వారు మీ యీడున నుండగా గడచిన ఒక సామాన్య దినమును గూర్చి అడిగి, వారి మాటలలోనే వ్రాసి తెండు.

4. ఈ వారము బడికి రాని సహాధ్యాయి యెవరు? నేటి సంగతులు వ్రాసి వారికి పంపుడు. దీనికి మార్కులు లేవు.