డచ్చి భాషలో 'ఎంత – అంత'

ఒకటి పెరిగిన కొలది మరియొకటి పెరుగునని చెప్పుటకు మనము ఒక పదముల జంటను వాడుదుము. తెలుగున 'ఎంత చదివిన అంత తెలియును' అందుము. ఉర్దూలో 'జిత్నా పఢోగే, ఉత్నా జానోగే' అందురు. 17వ శతాబ్దమున మచిలీపట్నమునందు వర్తకము సాగించిన డచ్చివారి భాషలో ఈ భావమును పలుకు తీరు ఇది:

'హూ మేర్ యె లేస్ట్, హూ మేర్ యె వేట్.'

ఇందు 'మేర్' అనగా ఎక్కువ; 'యె' అనగా నీవు; 'లేస్ట్' అనగా చదువుదువు; 'వేట్' అనగా ఎరుగుదువు. 'హూ' ప్రశ్నార్థక పదము. మన 'ఎంత'యు అట్టిదే. ఉర్దూ 'జిత్నా' మాత్రము ప్రశ్నార్థకము కాదు. ప్రశ్నకు 'కిత్నా' వేరుగ కలదు. డచ్చిలో రెండవ భాగమున 'హూ'కు మారుగా 'డెస్ టె' అనియు వాడవచ్చును. అది మన 'అంత'కు సాటియైనది.

ఆంగ్లము ద్వారా ఈ భాష నేర్చువారు ఇచ్చటనే పొరపడుదురు. ఆంగ్లమున రెండు భాగములకు ముందు 'ది' వచ్చును గనుక, డచ్చిలో దానికి సరియగు 'డె' చేర్చి 'డె మేర్' అందురు. అది తప్పు.

ఇక పదక్రమము. డచ్చి ప్రధాన వాక్యమున క్రియ రెండవ స్థానమున నిలుచును. ఉపవాక్యమున చివరకు పోవును. మన వాక్యపు మొదటి భాగము ఉపవాక్యము. కావున 'లేస్ట్' తప్పక చివరనే ఉండవలెను. క్రియతో వాక్యము ముగించుట తెలుగు, ఉర్దూ విద్యార్థులకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇంతవరకు మనకు చిక్కు లేదు.

రెండవ భాగమున జాగ్రత్త వలయును. 'హూ' వాడినచో క్రియ సాధారణముగా చివరనే ఉండును. 'డెస్ టె' వాడినచో తరచు కర్తకు ముందునకు వచ్చును: 'డెస్ టె మేర్ వేట్ యె'. రెండింటను రెండవ క్రమమును అంగీకృతమే. వాడుకయందే ఎక్కువ తక్కువలు.

క్రియయే లేని పలుకుబడియు కలదు: 'హూ లంగర్ హూ బేటర్', అనగా రానురాను మెరుగు.

పరభాషను మరియొక పరభాష ద్వారా మాత్రమే చూచు విద్యార్థి, తన ఇంటనున్న దీపమును మరచినవాడగును. క్రొత్త వ్యాకరణ సూత్రము ఎదురైనప్పుడు ముందుగా మాతృభాషతో పోల్చి చూడుడు. ఎంత పోల్చిన అంత తేటపడును.