పాస్‌పోర్టు చివరి ఏడాదిని లెక్కలోకి తీసుకోకండి

పాస్‌పోర్టుకి పదేళ్ల గడువు ఇస్తారు గానీ, ఉద్యోగం మీద దేశాలు తిరిగేవాళ్లు దాన్ని తొమ్మిదేళ్లే అనుకోవడం మేలు. దుబాయ్, సింగపూర్, మలేసియా, థాయ్‌లాండ్ వెళ్లాలంటే పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. షెంజెన్ దేశాలకైతే అక్కణ్ణించి బయల్దేరే తేదీ తర్వాత మూడు నెలలు ఉండాలి, రెండు ఖాళీ పేజీలు కూడా ఉండాలి. బ్రిటన్ మాత్రం అక్కడ ఉన్నన్నాళ్లూ చెల్లితే చాలంటుంది.

ఈ లెక్క మొదట చూసేది అవతలి దేశంవాళ్లు కాదు, శంషాబాద్‌లో ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గరే. గడువు చాలని ప్రయాణికుణ్ణి ఎక్కిస్తే వెనక్కి తెచ్చే బాధ్యత ఎయిర్‌లైన్‌దే, పైగా జరిమానా. అందుకే వాళ్లు వాదన వినరు. 'వీసా ఉంది కదండీ' అంటే లాభం లేదు. వీసా గడువు వేరు, పాస్‌పోర్టు గడువు వేరు.

అమెరికా సంగతి కాస్త తిరకాసుగా ఉంటుంది. ఆరు నెలల నిబంధన నుంచి మినహాయింపు పొందిన దేశాల్లో మనదీ ఒకటి. కాబట్టి ఉండబోయే రోజులకి పాస్‌పోర్టు చెల్లితే రానిస్తారు. ఇది విని చాలామంది నిశ్చింతగా ఉండిపోతారు. అసలు చిక్కు దిగిన తర్వాత మొదలవుతుంది.

హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద వెళ్లిన మనిషికి ఐ-797 అనుమతి కాగితం 2028 సెప్టెంబరు 30 దాకా ఉందనుకుందాం. పాస్‌పోర్టు 2027 మార్చి 14న అయిపోతుంది. ఇమిగ్రేషన్ ఆఫీసరు ఐ-94లో సాధారణంగా మార్చి 14 తేదీయే వేస్తారు. ఆ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పేది ఐ-94. వీసా స్టాంపు మీద 2028 అని కనిపిస్తోంది కదా అని ఊరుకుంటే, మార్చి 15 నుంచి అక్కడ ఉండటమూ పని చేయడమూ రెండూ చిక్కే. అలా 180 రోజులు దాటి బయటికొస్తే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు మళ్లీ అడుగుపెట్టకుండా నిషేధం పడే ప్రమాదం ఉంది.

కొత్త పాస్‌పోర్టు తీసుకున్నంత మాత్రాన ఐ-94 గడువు దానంతటదే పెరగదు. గడువులోపల దేశం దాటి కొత్త పాస్‌పోర్టుతో మళ్లీ రావాలి, లేదా కంపెనీ చేత ఎక్స్‌టెన్షన్ వేయించుకోవాలి. ఏది మేలో కంపెనీ లాయర్నే అడగండి. వాట్సాప్ గ్రూపులో స్నేహితుడి కేసు మీ కేసు కాకపోవచ్చు.

ఎక్కువమంది దెబ్బతినేది పిల్లల దగ్గర. మైనర్ల పాస్‌పోర్టు మామూలుగా ఐదేళ్లే. అమ్మానాన్నల ఐ-94 పూర్తి గడువుకి వచ్చి, హెచ్-4 కుటుంబ వీసా మీదున్న పిల్లాడిది ఏడాది ముందే ముగిసిపోవచ్చు. దిగిన రెండు మూడు రోజుల్లో అమెరికా సరిహద్దు శాఖ సీబీపీ వెబ్‌సైట్ తెరిచి ఇంట్లో ప్రతి ఒక్కరి ఐ-94 విడివిడిగా డౌన్‌లోడ్ చేసి చూసుకోండి.

ఇక రెన్యువల్. గడువుకి ఏడాది ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. 'ఇంకా ఎనిమిది నెలలుంది, ఎందుకు వృథా' అనుకునేవాళ్లు చాలామంది. మిగిలిన నెలలు కొత్తదానికి కలపని మాట నిజమే. కానీ తప్పిన ఆన్‌సైట్ అవకాశం ముందు ఆ నెలలెంత? పెద్దవాళ్లకి 36 పేజీలది 1,500 రూపాయలు, 60 పేజీలది 2,000. తత్కాల్‌కి అదనంగా 2,000. తరచూ తిరిగేవాళ్లు 60 పేజీలదే తీసుకోవాలి. ఊళ్లో అడ్రసు పెట్టి, మీరు గచ్చిబౌలిలో ఉంటే పోలీసు వెరిఫికేషన్‌కి ఇబ్బంది. ప్రస్తుతం ఉంటున్న అడ్రసే ఇవ్వండి. ఇంటిపేరు సరిచేసుకోవాలన్న ఆలోచన ఉంటే, చెల్లుతున్న వీసా చేతిలో ఉన్నప్పుడు మాత్రం దాని జోలికి పోకండి. వీసా మీద ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంకో పేరు అయితే కౌంటర్లోనే ఆగిపోవచ్చు.

పాత పాస్‌పోర్టు మూల కత్తిరించి రద్దు చేసి తిరిగిచ్చేస్తారు. పారేయకండి. అందులోని అమెరికా వీసా చెల్లుతూనే ఉంటుంది. వీసా పేజీ చిరక్కుండా చూసుకుని, రెండు పుస్తకాలూ చేతిసంచిలోనే పెట్టుకోండి. కొత్త నంబరు హెచ్‌ఆర్‌కీ, టికెట్ బుక్ చేసేవాళ్లకీ అదే రోజు మెయిల్ చేయండి.