నది గట్టును గుల్ల చేస్తున్న క్రేఫిష్

పొలం గట్టుకు ఎండ్రకాయ బొరియ పెడితే ఏమవుతుందో వరి రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. తెల్లారేసరికి మడిలో నీరు పక్క మడిలోకి జారిపోతుంది. బొరియను వెంటనే పూడ్చకపోతే కొన్నాళ్లకు గట్టే తెగిపోతుంది. ఇంగ్లండ్‌లోని చిన్న నదులు, వాగుల వెంట ఇలాంటిదే మరింత పెద్ద ఎత్తున జరుగుతోంది. అక్కడ గట్లను తొలుస్తున్న జీవి పేరు సిగ్నల్ క్రేఫిష్. అది ఆ దేశపు జీవి కాదు. మనుషులే తెచ్చి పెట్టుకున్న అతిథి.

ఎవరీ అతిథి?

క్రేఫిష్ మంచినీటిలో బతికే జీవి. చూడటానికి పెద్ద రొయ్యలా ఉంటుంది. ముందువైపు మాత్రం పీతకు ఉన్నట్టే పటకార్ల వంటి రెండు బలమైన కాళ్లుంటాయి. భారతదేశంలో సహజంగా పుట్టిన క్రేఫిష్ జాతులు లేవు కాబట్టి మనకు ఇది అంతగా తెలియదు. సిగ్నల్ క్రేఫిష్ సొంత ఊరు ఉత్తర అమెరికా పశ్చిమ ప్రాంతం. పటకారు కీలు దగ్గర తెల్లటి మచ్చ ఉంటుంది. దూరం నుంచి అది సిగ్నల్ జెండాలా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది.

ఐరోపాలో స్థానిక క్రేఫిష్‌లను ఒక అంటువ్యాధి తుడిచిపెట్టింది. వాటి స్థానాన్ని భర్తీ చేయడానికి 1960 ప్రాంతంలో స్వీడన్ ఈ అమెరికా జాతిని తెప్పించింది. 1970ల మధ్యలో బ్రిటన్ కూడా ఆహారం కోసం చెరువుల్లో పెంచడం మొదలుపెట్టింది. చెరువుల్లోంచి తప్పించుకున్నవి నదుల్లోకి చేరాయి. శిలీంధ్రాన్ని పోలిన సూక్ష్మజీవి వల్ల వచ్చే ఆ వ్యాధిని ఇవి చాలావరకు తట్టుకోగలవు, కానీ మోసుకు తిరుగుతాయి. దాంతో బ్రిటన్ స్థానిక జాతి అయిన తెల్ల పటకారు క్రేఫిష్ చాలా నదుల్లో కనుమరుగైంది.

బొరియలు ఎందుకు?

సొంత ప్రాంతంలో సిగ్నల్ క్రేఫిష్ బొరియలు తవ్వడం అరుదు. రాళ్ల సందుల్లో తలదాచుకుంటుంది. ఇంగ్లండ్‌ మైదాన ప్రాంతపు నదుల్లో అడుగున పెద్ద రాళ్లు తక్కువ. గట్లు మాత్రం నిటారుగా, బంకమట్టితో ఉంటాయి. అలాంటి మట్టిలో తవ్విన బొరియ కూలకుండా నిలుస్తుంది. పైగా జనాభా పెరిగినకొద్దీ చోటు కోసం పోటీ పెరుగుతుంది. క్రేఫిష్‌లు ఒకదాన్నొకటి తినేస్తాయి కూడా. చేపల నుంచి, పక్షుల నుంచి, తోటి క్రేఫిష్‌ల నుంచి తప్పించుకోవడానికి గట్టులోకి దూరడమే వాటికి మార్గం. గ్రేట్ ఊజ్ నది గట్లలో ఈ బొరియల తీరును 1994లోనే పరిశోధకులు వివరించారు.

గట్టు ఎలా కూలుతుంది?

గట్టును నిలబెట్టేది మట్టి రేణువుల మధ్య పట్టు. గట్టు బరువు దాన్ని నదిలోకి జార్చాలని చూస్తుంది. ఈ పట్టు ఆ బరువును ఆపుతుంది. నీటి మట్టానికి దగ్గర్లో పక్కపక్కనే బొరియలు పడితే ఆ వరుసలో బరువును మోసే మట్టి తగ్గిపోతుంది. చిల్లులున్న కాగితం ఆ చిల్లుల వెంటే చిరిగినట్టు, గట్టు కూడా ఆ బలహీనమైన వరుస దగ్గరే విరుగుతుంది.

వరద దీనికి తోడవుతుంది. నీరు పెరిగినప్పుడు బొరియల గుండా గట్టు లోపలికి చేరి మట్టిని నానబెడుతుంది. అయితే నది నిండుగా ఉన్నంతసేపు బయటి నీరు గట్టుకు ఆసరాగా ఉంటుంది. అసలు ప్రమాదం వరద తీస్తున్నప్పుడే. బయటి ఆసరా పోతుంది, లోపలి మట్టి మాత్రం ఇంకా నానే ఉంటుంది. రేణువుల మధ్య నీటి పీడనం వాటి పట్టును సడలిస్తుంది. అప్పుడు గట్టులోని పెద్ద ముక్క ఒక్కసారిగా నదిలోకి జారుతుంది. అందుకే క్రేఫిష్ స్వయంగా తవ్వి పోసే మట్టి కొద్దిగానే అనిపించినా, దానివల్ల కూలే మట్టి అంతకంటే ఎంతో ఎక్కువ.

రాత్రిపూట బురద

క్రేఫిష్ రాత్రిపూట చురుగ్గా తిరిగే జీవి. తిండి కోసం వెతుకుతూ, పోట్లాడుకుంటూ అడుగున ఉన్న బురదను కలియబెడుతుంది. నెన్ నది ఉపనదిలో నీటి మడ్డితనాన్ని నిరంతరం కొలిచిన శాస్త్రవేత్తలకు ఒక లయ కనిపించింది. వాన లేకపోయినా, ప్రవాహం పెరగకపోయినా రాత్రిళ్లు నీరు మడ్డిగా మారుతోంది. వరద లేని రోజుల్లో నది మోసుకెళ్లిన ఒండ్రులో నెలకు కనీసం 32 శాతం క్రేఫిష్ కదలికల వల్లే వచ్చిందని 2016లో వెలువడిన ఆ అధ్యయనం తేల్చింది.

ఈ సన్నని బురద కింది ప్రాంతాల్లో గులకరాళ్ల సందుల్లో పేరుకుంటుంది. ట్రౌట్ వంటి చేపలు గుడ్లు పెట్టేది ఆ సందుల్లోనే. అవి మూసుకుపోతే గుడ్లకు ఆక్సిజన్ అందదు.

పట్టి తినేస్తే పోదా?

చాలామంది చెప్పే పరిష్కారం ఇదే. లెక్కలు మాత్రం వేరేగా ఉన్నాయి. ఉత్తర యార్క్‌షైర్‌లోని ఒక వాగులో పరిశోధకులు కొంత భాగం నీటిని తోడేసి క్రేఫిష్‌లను లెక్కించారు. చదరపు మీటరుకు 20 నుంచి 110 వరకు కనిపించాయి. వాటిలో ఎర పెట్టిన బోనులో చిక్కేంత పెద్దవి 2.3 శాతమే. మిగిలినవన్నీ చిన్నవి. పెద్దవాటిని తీసేస్తే చిన్నవాటిని తినే నోళ్లు తగ్గి, అవి ఇంకా పెరిగే అవకాశం ఉంది. బోనులను, బూట్లను ఆరబెట్టకుండా మరో నదికి తీసుకెళ్తే వ్యాధి కూడా వెంట వెళ్తుంది.

మన నదులకు పాఠం

మన దగ్గర క్రేఫిష్ సమస్య లేకపోయినా, దాని దారిలోనే వచ్చిన మరో అతిథి ఉంది. అక్వేరియం అద్దాలకు పట్టిన పాచి తింటుందని దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన సక్కర్ ఫిష్ ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జలాల్లో పెరుగుతోంది. గట్టి పొలుసులతో వలలను చించే ఈ చేపను మత్స్యకారులు డెవిల్ ఫిష్ అంటున్నారు. ఇదే కుటుంబపు చేపలు అమెరికాలోని ఫ్లోరిడాలో గుడ్లు పెట్టడానికి గట్లలో గుంపులుగా బొరియలు తవ్వుతాయని అక్కడి శాస్త్రవేత్తలు నమోదు చేశారు. చెరువు కట్టలు, కాలువ గట్ల మీద సాగు ఆధారపడిన చోట ఇది చిన్న విషయం కాదు.

నీటి నమూనాలోని డీఎన్‌ఏ ఆధారంగా ఈ చేప ఉనికిని పసిగట్టే పద్ధతిని హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు రూపొందించారు. ముందుగా గుర్తించడం ఎంత ముఖ్యమో ఇంగ్లండ్ అనుభవం చెబుతోంది. నదిలో ఒకసారి స్థిరపడ్డ జీవిని వెళ్లగొట్టడం దాదాపు అసాధ్యం. పెంచలేక విసిగిన అక్వేరియం చేపను చెరువులో వదలకుండా, అమ్మిన దుకాణానికో పెంచుకునే మరొకరికో ఇవ్వడం మాత్రం ఎవరైనా చేయగల పనే.